ఎర్ర గోలీల లెక్క

రిజిస్టర్ల మరాఠీల రాస్త,
మాట్లాడుడు మాత్రం తెలుగులనే.
మా సిరొంచ దిక్కు నెత్తురుకు రెండు పేర్లు.
ఏ పేరు పెట్టి పిలిచినా
సునంద ఒంట్ల అది పలుకుతలేదు.

ఐదో నెల. అంకీస సబ్‌సెంటర్ల
వేలు గుచ్చితే చుక్క బయటికి రానీకె సిగ్గువడ్డది.
ఎనిమిది పాయింట్ రెండు.
కంటి కింది రెప్ప గుంజి సూసిన:
ఉతికి ఉతికి వెలిసిన రైక.

"గోలీలు మింగుతున్నవా?"
"మింగుతున్న అక్కా."
ఖాళీ పట్టీలు తెచ్చి ముంగట పెట్టింది,
పట్టీకి పది గుంటలు, అన్నీ ఉత్తయే.
పట్టీ అబద్ధమాడదనుకునేదాన్ని.

తునికాకు కట్టలు ఎండుతున్న పొద్దు
పెంకుల కింద వాసానికి చెక్కిన గుడ్డమూటను
ఎలుక గుంజి కింద పడేసింది.
ఎర్రగ దొర్లినయి నా కాళ్ల దాక,
ఆటకు పోసిన గురిగింజల లెక్క.
ఏరిన. నలభై మూడు.

సునంద నేల దిక్కు సూస్తున్నది.
"మింగినంక దొడ్డికి నల్లగ వోతుందక్కా.
లోపల బిడ్డ మాడిపోతుందేమోనని..."
గంత భయాన్ని గుడ్డల కట్టి దాసుకున్నది పిల్ల!
ఎనిమిదేండ్ల సంది గోలీలు పంచుతున్న,
గీ ఒక్క మాట ముందుగాల చెప్పలే:
అది ఇనుము రంగు తల్లీ,
బిడ్డది కాదు.

అత్త రాజుబాయి గడప మీదికెల్లి
తంబాకు ఉమ్మొచ్చి కూసున్నది.
"బిడ్డ లావైతే కాన్పు కష్టమని
నేను సుత వద్దన్న," అన్నది.
ఇగ శానసేపు ఏం మాట్లాడలే.
ప్రాణహిత దిక్కు మొఖం తిప్పుకొని
వంతెన లేని రోజులెత్తింది:
చెల్లె గంగుబాయి, వానకాలం, నాటుపడవ,
కాన్పయినంక ఆగకుండ పారుడు.
"బిడ్డేం లావుగ లేకుండె, గుప్పెడంత.
పోయేటందుకు సుత
దాని ఒంట్ల నెత్తురు లేకుండె."

ఆ రాత్రి నుంచి లెక్క ముసల్ది పట్టింది.
గోలీకొక బొగ్గుగీత, పొయ్యి ఎన్క గోడకు.
పొద్దుకొకటి రాత్రికొకటి, మీద నిమ్మకాయ నీళ్లు.
చాయ తాగొద్దని కాదు,
గోలీ కడుపుల కుదురుకున్నంకనే తాగాలె.
ఎముకల తెల్ల గోలీ, గీ ఎర్ర గోలీ
ఒక్క యాళ్లకు ఎదురువడొద్దు,
పగవడ్డ తోటికోడండ్ల తీరు.
పెసరపప్పుల మునగాకు.
పుంటికూర ఇనుప పెంకల.
పురుగుల గోలీ నా కండ్ల ముంగటనే.
ఉత్తకాళ్లతోని అడివికి పోవద్దంటే
కొడుకు చెప్పులే తొడిగిచ్చింది,
మడిమె ఎన్క రెండు వేళ్లు మిగిలినయి.

కడుపుల తిప్పలేదా అంటే, తిప్పింది.
రెండు రోజులు మానింది సుత.
గోడ మీద ఆ జాగ ఉత్తగనే ఉన్నది ఇప్పటికి.
అన్నం తిన్నంక మింగి సూడుమన్న,
నిమ్మళించింది.

నెల దాటినంక మళ్ల వేలు గుచ్చిన.
చుక్క ఈసారి అడగకముందే వచ్చింది.
తొమ్మిది పాయింట్ ఐదు.
రిజిస్టర్ల మరాఠీల రాసుకుంటుంటే
ఎన్కకెల్లి రాజుబాయి అడిగింది:
"పదకొండుకు ఇంక ఎంత?"

చెప్పిన.

లేచి, బొగ్గుముక్క దేవులాడుకుంట పోయింది.