చివరి సీటు దాకా

బస్సు ఖాళీ అయ్యాక
చివరి సీటు దాకా నడవాలి.
నా ఉద్యోగంలో మొదటి నియమం అది.
వంగి ప్రతి సీటు కిందా చూడాలి,
నిద్రపోయిన పిల్ల ఎవరైనా మిగిలిపోయిందేమోనని.
షార్జా ఎండలో అద్దాలు మూసిన బస్సు
ఎంతసేపట్లో పొయ్యి అవుతుందో
ట్రైనింగులో వీడియో వేసి మరీ చూపించారు.

ఆరేళ్లలో నాకు దొరికినవి
ఒంటి బూటు, రెండు టిఫిన్ డబ్బాలు,
టిష్యూలో చుట్టిన పాలపన్ను.
పిల్లలెవరూ దొరకలేదు, దేవుడికి స్తోత్రం.

మా కెజియాది పదకొండో సీటు.
తొమ్మిదిలోకొచ్చాక
సోమవారం కడుపునొప్పి అనేది,
బుధవారం తలనొప్పి.
జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చాను.
ఓ రోజు రెక్క పట్టుకుని ఎక్కించాను కూడా,
పిల్లలంతా చూస్తుండగా,
ఆకుపచ్చ జాకెట్టులో, మెళ్లో ఐడీ కార్డుతో.
అది కిటికీ వైపు తిరిగిపోయింది.
నేను తలలు లెక్కపెట్టాను.
ముప్పై ఒకటి. సరిపోయింది.

"భోజనం గంటలో బాత్రూములో తింటోందమ్మా మీ అమ్మాయి,
తలుపు గడియ వేసుకుని"
అని కౌన్సెలర్ మేడం ఫోన్ చేసినప్పుడు
చీపురు పట్టుకుని బస్సులోనే ఉన్నాను.
ఆ మధ్యాహ్నం
చివరి సీటు దాకా రెండుసార్లు నడిచాను.

"ఇంట్లో కూచుంటే చదువంటారా దాన్ని?
రాజోల్లో మా అన్నకేం చెప్పను?"
అన్నాడు వాళ్ల నాన్న.
స్టాఫ్ పిల్లకి సగం ఫీజు,
బడి మానితే ఆ సగమూ పోతుంది.
కిరాణా బిల్లు వెనక మూడు రాత్రులు లెక్కలేశాడు.
నాలుగో రోజు అజ్మాన్ నించి వస్తూ
హెడ్‌ఫోన్లు తెచ్చి మంచం మీద పెట్టాడు,
బిల్లుతో సహా.
నచ్చకపోతే మార్చుకోవచ్చట.

టీసీ ఫారంలో "కారణం" అని ఓ గడి ఉంది.
వేలెడంత గడి.
నేను చాలాసేపు నిలబడితే
కౌంటరు పిల్లే రాసింది, "వ్యక్తిగతం" అని.

ఇప్పుడు ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్.
ప్లైవుడ్ గోడ అవతల నైట్ డ్యూటీ నర్సు పడుకుంటుంది,
అందుకని జవాబులు గుసగుసగా చెప్తుంది కెజియా.
పరీక్షలు ఎక్కడ రాయాలో, ఎన్ని కాగితాలు కావాలో
నాకింకా సగమే అర్థమైంది.
ఇది మంచిదో కాదో
అడిగితే ప్రార్థనలో కూడా జవాబు రాలేదు.

పొద్దున్న ఆరూ ఇరవైకి
బస్సు మా బిల్డింగు కిందే ఆగుతుంది.
పక్క ఫ్లాటు పిల్లలు ఎక్కుతారు.
ముప్పై దగ్గర నా నోరు ఆగదు,
ఇంకొకటి అనబోతుంది.
పైన మూడో అంతస్తులో పరదా కదులుతుంది,
ఒక్కోరోజు కదలదు.

నిన్న అన్నం కంచం ఒళ్లో పెట్టుకుని,
తలుపు బార్లా తీసి,
పప్పులో ఉప్పు లేదని
నన్ను తిట్టింది.
నెలల తర్వాత
అంత గట్టిగా.
అవతల నర్సు గోడ మీద కొట్టింది.