ఎఫ్ గీత

సోహార్ సనాయియాల పదకొండో నంబరు షెడ్డు.
ఇషా నమాజు అయినంక షట్టరు సగం దించినం.
పొద్దంతా రేకు మీద రొట్టె కాల్చొచ్చు,
ఇనుము ఇప్పుడే చేతికి ఓర్చుకునే వేడికి దిగింది.

ఈ హోండా ఖమీస్ వాళ్ల నాయిన కొన్నడంట,
డెబ్బై నాలుగుల. తొలి జీతంతోననో, అమ్మిన చేపలతోననో
ఒక్కోసారి ఒక్కో లెక్క చెప్తడు.
టాంకు ఎరుపు ఎండకెండి పండిన కాకరకాయ రంగుకొచ్చింది.
"మిస్త్రీ, కిక్కు కొడితే కాలిని తంతుంది"
దిష్‌దాషా ఎత్తి చీలమండ చూపించిండు,
నేరేడుపండు నలిపినట్టు.

తన్నే గుణం బండిది కాదు.
నిప్పు తొందరపడ్డది, అంతే.
పిస్టన్ ఇంకా ఎక్కుతనే ఉంటది, కొనకు చేరనే లేదు,
అప్పుడే అంటుకుంటె
నిచ్చెన ఎక్కేటోని నెత్తి మీద తలుపేసినట్టు.
ఆలస్యమైతే తన్నదు, అరవదు,
ఊరికే లోపల ఉడుకుతది,
సైలెన్సరు నీలంగ కములుతది,
ఎత్తు రాంగనే మొండికేస్తది.
నిప్పురవ్వ పడంగనే మంట కాదు గద,
గది నిండెటందుకు దానికి ఇంత వ్యవధి కావాలె.
ఆ ఇంత ఎంత? అదే పని.

ఉస్తాద్ ఫజల్ దీన్ ఎన్నడూ ఇట్ల విడమరచి చెప్పలే.
సిగరెట్ పెట్టె మీది పల్చని కాయితం చింపి
పాయింట్ల నడుమ ఇరికించి, కొస నా వేళ్లకిచ్చి
తను చక్రం తిప్పెటోడు.
"వదిలిందా?"
"లేదు."
"వదిలిందా?"
"వదిలింది."
రెండేండ్ల చదువు, గా రెండు మాటలే.
వీసా రద్దయిన పొద్దు ఖుబ్బూస్ సంచిల చుట్టి
తన గేజీల కట్ట నా మంచం మీద పెట్టిపోయిండు.
అందుల ముప్పై ఐదు ఆకు లేదు.
ఇరవైకి పదిహేను కలిపి కొలుస్తున్న ఇప్పటికీ.

పాయింట్ల మీది మసి రాకిన. సందు సరిచేసిన.
బల్బు వైర్లు తగిలించి, పద్నాలుగు పానాతో
చక్రాన్ని ఎదురు తిప్పుకుంట వస్తున్న.
కాయితం కొస టేక్ బహదూర్ చేతిల ఉంది,
పోఖరా పిలగాడు, వచ్చి మూడు నెలలు.
"వదిలింది" అన్నడు.
బల్బు ఇంకా వెలగలే.
నేనేమనలే. మల్ల మొదటికి తిప్పిన.

పెట్రోలు గుడ్డతో చక్రం అంచు తుడిస్తె
ఎఫ్ గీత తేలింది. దాని పక్కన
ఇంకో గీత. కంపెనీది కాదు,
ఉలి మొనతో ఎవరో చేత్తో కొట్టింది, కొంచెం వంకర.
ఖమీస్‌ను అడిగిన. భుజాలెగరేసిండు:
"నాయిన మత్రా దాకా తీస్కపోయెటోడు.
ఆడ ఎవరో ఉండె."

ఎవరో.
బండి పుస్తకం మంచు కురిసే తావుల రాసింది.
ఇక్కడ గాలి సగం కాలినంకనే లోపలికి వస్తదని
ఆ ఎవరికో తెలిసింది,
నిప్పును వెంట్రుకంత వెనక్కి జరిపి
తన లెక్క ఇనుము మీద రాసి
పేరు రాసుడు మరిచిపోయిండు.

నాలుగు స్క్రూలు వదులు చేసి పలక తిప్పిన,
బల్బు ఆ వంకర గీత మీద వెలిగేటట్టు.
స్టార్టయింది. తన్నలే. కాని గొంతు బరువు.
అప్పటి పెట్రోలు వేరుండె, అన్నా,
ఇప్పటిది కొంచెం ముందు అడుగుతది.
ఎదురుగ లేని మనిషితో వాదులాడుకుంట
మల్ల ఎఫ్ దిక్కు సగం వెంట్రుక.
ఆడ ఆపి బిగించిన.
నేను గీత కొట్టలే.

ఖమీస్ నాలుగు రియాళ్లు, ఐసు డబ్బాల ఒక వంజరం
గల్లా మీద పెట్టి సముద్రం దిక్కు పోయిండు.
టేక్ ఊడ్వడం ఆపిండు. ఇద్దరం చెవులు పెట్టినం.
రౌండబౌట్ దగ్గర రెండు. దాటినంక మూడు.
మూడో గేరుల లోపల గులకరాళ్లు కదిలినట్టు
సప్పుడు వస్తదేమో అని.
రాలే.
లేకుంటె అప్పటికే దూరమైంది.