ఐదో ఫొటో

వహాకా ఆసుపత్రిలో మెట్ల కింద
చీపుర్ల గదిని ఆనుకుని నా గది.
నీలం తెర, రెండు దీపాలు, ఒక స్టూలు.
ముక్కుసూటిగా ఒకటి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి,
గడ్డం పైకెత్తి ఒకటి.
నాలుగే.
ఐదోదానికి ఫైల్లో చోటు లేదు.

పదిహేడేళ్లుగా తీస్తున్నాను.
పెదవి చీలిన పిల్లలు వందలమంది కూర్చున్నారు ఆ స్టూలు మీద,
చెయ్యి వణకడం ఎప్పుడో మానేసింది.
క్రిసోఫొరో కూర్చున్న రోజు మాత్రం
ఫోకస్ ఎక్కడ పెట్టాలో తోచలేదు.
పై పెదవి దగ్గర బయల్దేరిన చీలిక
ముక్కును ఒరుసుకుంటూ చెంప ఎక్కి
కింది రెప్పను తెంపుకుని కంట్లోకి దిగింది,
వానకు కోసుకుపోయిన కొండదారిలా.

డాక్టర్ అర్సేలియా దానికి పేరు చెప్పలేదు. అంకె చెప్పింది.
నాలుగు.
కంటిగుంత చుట్టూ గడియారంలా అంకెలుంటాయట,
ఎముక ఎటు కలవడం మరిచిపోతే
అటు ఒక అంకె.
ఇది చాలా అరుదు, అంది.
ఆ మాటకు మిహే భాషలో సాటి మాట వెతికి
ఆయా చివరికి "దొరకనిది" అంది.
"దొరికాడుగా నాకు" అంది ఎలోడియా, వాడి అమ్మ.

నాయనమ్మకు అంకెలతో పని లేదు.
"కడుపుతో ఉండగా గ్రహణం పట్టింది.
నడుముకు ఎర్రదారం కట్టి పిన్నీసు పెట్టుకోమన్నాను,
కాఫీ కోతకు పోయే తొందరలో మరిచింది.
చంద్రుణ్ణి కొరికింది, బిడ్డనూ కొరికింది."
ఆ పిన్నీసు ఇప్పుడు వాడి చొక్కాకుంది,
మూడేళ్లు ఆలస్యంగా.
దాని మెరుపు రెండో ఫొటోలో పడింది.
తియ్యమని నేననలేదు.

ఆపరేషన్ రోజు పీట ఎక్కి పైనుంచి తీశాను.
ముందు కత్తి కాదు, కలం.
ఊదాసిరా చుక్కలు, వాటిని కలిపే గీతలు,
గుడ్డ చాలని దర్జీ లెక్క:
చెంప దగ్గర అప్పు, రెప్ప దగ్గర జమ.
ఏడు గంటలు.
వెంట్రుక కన్నా సన్నని దారం నా లెన్సుకు అందలేదు.
ఎముక సంగతి ఇప్పుడు కాదన్నారు,
ఎనిమిదో ఏట ఒకసారి, పెద్దయ్యాక మరోసారి.
ఎలోడియా వేళ్లు మడిచి లెక్కేసింది,
అవి ఎన్ని కాఫీ కోతలో.

ఇరవయ్యో రాత్రి వార్డులో కేక.
నర్సు పరుగెత్తేసరికి
ఎలోడియా పిల్లాణ్ణి పట్టుకుని కుదిపేస్తోంది.

మూడేళ్లుగా వాడు ఒక కన్ను తెరిచే నిద్రపోయాడు.
దాని మీద తడిగుడ్డ కప్పి
అది ఆరిపోకుండా ఆమె మేలుకునేది.
వాపు దిగిన ఆ రాత్రి
మొదటిసారి రెండు రెప్పలూ కలిశాయి.
రెండు కళ్లూ మూసిన కొడుకును ఆమె ఎన్నడూ చూడలేదు.
పోయాడనుకుంది.
ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది,
వేలిని నమ్మలేదు.
లేచి, వాడు ఏడ్చాడు.
ఒక కంటి నీరు ఇంకా దారి తెలియక
చెంప మీదికే పోతోంది.

తెల్లారి నా గదికొచ్చింది.
"ముందుది ఒకటి కావాలి.
మూడేళ్లు ముద్దుపెట్టుకున్న ముఖం అది.
మా ఊళ్లో దాన్ని ఎవరూ ఫొటో తియ్యలేదు."
ఇవ్వకూడదని రూలు.
పిన్నీసు మెరిసినదాన్నే ప్రింటు తీసి ఇచ్చాను.
గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.
"నిద్రలోది కూడా ఒకటి. అత్తకు చూపించాలి."

ఆ రాత్రి ఫ్లాష్ లేకుండా మంచం పక్కన కూర్చున్నాను,
వాడు ఎప్పుడు పడుకుంటాడా అని.
వాడి కన్నా ముందు ఆమె నిద్రపోయింది,
కూర్చున్నచోటే, నోరు తెరుచుకుని,
మూడేళ్ల బాకీ అంతా ఒక్కసారే.
కెమెరా ఎత్తబోయాను.
క్రిసోఫొరో నన్ను చూశాడు,
కుట్ల మచ్చ మీద నిలువుగా వేలు పెట్టి
"ష్" అన్నాడు.