బొటనవేలు

"అక్కా, బొటనవేలు లోపల పెట్టకు,
గుద్దితే నీదే విరుగుతది."
చెప్పింది సంహిత.
తొమ్మిదేండ్లు. నారింజ రంగు బెల్టు.
ముందటి పన్ను ఊడి, మాటల గాలి.

నలభై రెండేండ్ల నా పిడికిలిని
తన చిన్న చేతులల్లకు తీసుకొని
ఒక్కో వేలు విప్పి, మళ్లా మడిచి,
బొటనవేలును బయటికి తెచ్చి
రెండు వేళ్ల మీద అడ్డంగ గొళ్లెం పెట్టింది.
అప్పుడు తెలిసింది,
ఇన్నేండ్లు కోపమొచ్చినప్పుడల్లా
పిడికిలి తప్పే బిగించిన్నని,
లోపల ఏదో దాచుకున్నట్టు.

కాజీపేట, రైల్వే స్కూలు గ్రౌండు.
పొద్దున అయిదున్నర.
పల్లేరుకాయలు ఏరి పారేసినంక
వట్టికాళ్ల మీద వరుస.
డీజిల్ షెడ్డుల ఫిట్టరు జేసి రిటైరైన యాకూబ్ పాషా మాస్టరు
చాయ్ గ్లాసు గోడ మీద పెట్టి
ముందుగాల పడుడు నేర్పుతడు.
"కొట్టుడు తర్వాత. పడుడు రానోనికి నిలబడుడు రాదు."
గదువ ఛాతికి ఆనిచ్చి, అరచేత్తో నేలను చరిచి
ఎడమకు పడ్డ. కుడికి పడ్డ.
పిల్లలు బంతుల్లెక్క లేచిర్రు.
నేను వడ్లబస్త లెక్క లేచిన.

ఇగ కేక.
గుద్దుతోటి కడుపుల నుంచి రావాలె అన్నడు.
పరకాల బండి మీద పదమూడేండ్ల కండక్టరును.
హోల్డాన్, రైట్ రైట్, ముందుకు జరుగుర్రి,
జీరో టికెటైనా తీసుకోవాలమ్మా, ఆధార్ చూపెట్టు,
దినమంతా అరిచే గొంతే ఇది.
ఆ పొద్దు నోరు తెరిస్తే
చప్పుడు రాలె.
డ్యూటీ అరుపు వేరట.
నా కోసం నేను అరుసుడు
ఎవ్వరు నేర్పలె.

మూడు వారాలు గాలే వచ్చింది.
నాలుగో వారం ఒక బొగ్గు గూడ్సు పోతుంటే
ఎవ్వరికి వినవడదని ధైర్యం జేసి అరిచిన.
సరిగ్గ అప్పుడే గూడ్సు అయిపోయింది.
నా కేక ఒక్కటే గ్రౌండుల మిగిలింది.
గోడ మీది కాకులు లేచిపోయినయి.
మాస్టరు చాయ్ తాగుడాపి
"మాలూమైందా?" అన్నడు. అంతే.

డిపోల అందరిదీ ఒకటే సవాలు,
"ఎవన్నన్న కొట్టినవా?"
కొట్టలె.
గుడెప్పాడు మూల మీద రాజలింగం బండి విసురుగ తిప్పితే
రాడ్డు పట్టకుంట నిలబడ్డ,
మోకాళ్లు కొద్దిగ వంచి, బరువు మడిమెల మీదేసి.
నిండు బండి అటు ఒరిగి ఇటు ఒరిగింది.
నేను చిల్లర లెక్కవెట్టుకుంటనే ఉన్న.
ఆఖరి సీటుల రోజూ మోచెయ్యి చాపే మనిషి
ఆ దినం ముడుచుకున్నడు.
నేనేం అనలె. మొకంలకు చూసిన.
ఇదివరకు వాని అంగీ గుండీల దాకనే చూసేదాన్ని.

పసుపు బెల్టు పరీక్షల ఫెయిలైన.
ఎడమేదో కుడేదో మర్చిపోయి
పక్కపొంటి పిల్లగానికి తాకి, వాన్ని గూడ పడేసిన.
చూడనొచ్చినోళ్లల్ల నా కొడుకు ప్రణయ్ ఉండె,
ఫోన్ల తలవెట్టిండు.
సంహిత వచ్చి పక్కన కూసొని
తన నీళ్ల బాటిల్ ఇచ్చి
"నేను గూడ రెండుసార్లు ఫెయిలైన, అక్కా.
రెండోసారి ఏడ్వలె" అన్నది.

నేనైతే మొదటిసారే ఏడ్వలె.
తెల్ల బెల్టు ముడి విప్పి, చుట్టి,
టిఫిన్ డబ్బా పక్కన సంచిల పెట్టుకొని
డ్యూటీకి పోయిన.
టిమ్ము బటన్లు నొక్కీ నొక్కీ గీతలరిగి
హాజరు మిషిను గుర్తువట్టని బొటనవేలు,
ఆ పొద్దు గూడ గుర్తువట్టలె.
రిజిస్టర్ల సంతకం పెట్టి బండెక్కిన.

"ఆత్మకూరు, పరకాల, పరకాల, పరకాలా!"
కడుపుల నుంచి.
రాజలింగం ఉలిక్కిపడి అద్దంల చూసిండు.