పదకొండు కాయలు

పొదలకూరు నిమ్మ మార్కెట్లో
తొమ్మిదేళ్ళుగా కాటా పక్కనే బండి నిలిపినోణ్ణి.
ముల్లు ఎప్పుడు అబద్ధమాడుతుందో తెలుసు,
గోతాం కిందికి ఎవరి బొటనవేలు దూరుతుందో తెలుసు.
అయినా ఈ రెండు బండ్లని ఎట్టా తూయాలో తెలియక
మూడు వారాలుగా నిద్ర లేదు.

ఉన్నది డీజిలుది. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగింది.
చేజర్ల ఎగువ ఎక్కేటప్పుడు
ఉబ్బసం ముసలాయనలా దగ్గుతుంది.
దాని వాసన నా చొక్కాకి కాదు, పేరుకే అంటుకుంది.
"డీజిలు పెంచలయ్య" అంటారు మార్కెట్లో.

నెల్లూరు మినీ బైపాసులో షోరూము కుర్రాడు
కరెంటు బండి చూపించాడు.
తెల్లగా, చిన్నగా,
బడికి మొదటిరోజు పోయే పిల్లకాయలా ఉండాది.
"కిలోమీటరుకి రూపాయే అంకుల్. నూటయాభై పోతాది."
"లోడుతోనా?" అన్నాను.
వాడు టై సర్దుకున్నాడు.

పక్క షోరూములోది హైబ్రిడ్డు.
సగం పెట్రోలు, సగం బ్యాటరీ.
ఇంట్లో అలిగితే అత్తారింట్లో తినే అల్లుడు,
ఏ పూటా పస్తుండడు.
కానీ లక్షా ఎనభై వేలు ఎక్కువ.
రెండు ఇంజన్లంటే రెండు రోగాలు కదా అంటే
"ఒకటి ఆగినా ఇంకోటి ఉంటది కదన్నా" అన్నాడు మెకానిక్ ఖాజావలి.
కాసేపాగి, "రెండూ నా దగ్గరికే వస్తాయిలే" అని నవ్వాడు.

లైన్‌మన్ ముందే చెప్పాడు:
"బోరు స్టార్టరు కాడ బండికి తీగ తగిలించావో,
నీ పేరు నా పుస్తకంలోకి ఎక్కుద్ది మావా."

ఒక్కరోజు నడిపి చూడమని కరెంటుది ఇచ్చారు.
రాత్రి మూడింటికి ఆదూరుపల్లి తోటల కాడికి పోయాను.
ఎప్పుడూ కల్వర్టు దాటగానే
నా ఇంజను గోలకి కుక్కలు లేచేవి,
కుక్కల గోలకి చెంచురామయ్య లేచేవాడు,
టార్చి వెలిగేది, గోతాలు రోడ్డెక్కేవి.
ఆ రాత్రి ఎవరూ లేవలేదు.
కుక్క ఒక కన్ను తెరిచి,
దొంగ కాదులే అని మళ్ళీ మూసింది.

స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూచున్నాను.
డ్రిప్పు పైపులో ఆగి ఆగి చుక్క.
ఎక్కడో కాయ ఒకటి కొమ్మ విడిచి
ఎండాకుల మీద రెండు దొర్లి ఆగిన చప్పుడు.
ఇన్నేళ్ళూ ఇది జరుగుతూనే ఉండాదా,
నేను దీని మీద పొగ పోసి పోతా ఉండానా?

తెల్లారి వెంగమ్మ కాయలు ఏరుతుంటే
మద్రాసు ట్రిప్పుల సంగతి ఎత్తాను.
ఎండాకాలం రేటు లేస్తే కోయంబేడు పోవాల,
సూళ్ళూరుపేటలోనే బండి నీళ్ళు నమిలితే?
పచ్చివి ఒక పక్క, పండువి ఒక పక్క,
మచ్చవి ఒళ్ళో వేసుకుంటూ
చిట్టీల పుస్తకం తీయమంది.
నిరుడు మద్రాసు పోయిన ఒక్కో రాత్రికి
ఒక్కో కాయ పాత తక్కెడ పళ్ళెంలో పెట్టింది.
పదకొండు.
రెండో పళ్ళెంలోకి గంపెత్తి కుమ్మరించింది.
పొదలకూరు, చేజర్ల, కలువాయి, మళ్ళీ పొదలకూరు.
పళ్ళెం ఠప్పున నేలకి దిగింది.

"ఈ పదకొండు కాయల కోసం
ఏడాది పొడుగునా రెండు నోళ్ళని మేపుతావా?"

నేనూ ఊరుకోలేదు.
"ఆ పదకొండే మన రేకులు తీసి స్లాబు వేసినాయి."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.
పదకొండులోంచి ఒకటి తీసి, గోటితో గిల్లి వాసన చూసి,
"అయితే వాటికి ఖాజావలి తమ్ముడి లారీ బాడుగకి మాట్లాడు" అంది.

అడ్వాన్సు కట్టాను.
ధైర్యంగా కట్టానని చెప్పను.
ఏప్రిల్ తలుచుకుంటే ఇప్పటికీ
కడుపులో ఒక ఎర్రగీత వెలిగి ఆరుతుంది.

ఆ చీకట్లో హారను కొట్టబుద్ధి కాదు.
తోట మొదట్లో ఆపి, దిగి,
రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి పిలుస్తా ఉండాను:
ఓ చెంచురామయ్యా... ఓ మాలకొండయ్యా...
తొమ్మిదేళ్ళు ఇంజను పిలిచిన పేర్లు.
నా గొంతులో ఇంకా
కొత్తగా, పుల్లగా ఉండాయి.