దిగుడు లెక్క

ముప్పై ఒక్క ఏండ్లు బస్సు తోలినోణ్ని.
డిపో గేటు కాడ నల్లబోర్డు మింద రాసేవాళ్లు
ఎవురు లీటరుకు ఎంత తెచ్చినారో.
ఓబులేసు: ఐదు పాయింట్ ఆరు.
దానికొక స్టీలు క్యారియరు ఇచ్చినారు.
మూత ఇప్పటికీ సరిగ్గా పట్టదు.

ఇప్పుడు నస్రీన్ మేడం కారు తోల్తాండా.
పశువుల డాక్టరమ్మ.
పొద్దన్నే కడప నుంచి రామాపురం, మాపటికి మళ్లీ కడప.
బండి హైబ్రిడ్ అంట. పెట్రోలు తాగుతాది, కరెంటు తింటాది,
ప్లగ్గు లేదు, వైరు లేదు,
తన కరెంటు తానే వండుకుంటాది.
మొదటి పొద్దు బటన్ నొక్కితే చప్పుడే లేదు.
చెడిందనుకొని బానెట్ ఎత్తబోయినా.
"ఓబులేసన్నా, అది మేలుకొనే ఉంది" అనింది మేడం.

ఒక ఆదివారం మేడం మరిది ఇంతియాజ్ తోలినాడు.
ఏడురోడ్ల కాడ ఎర్రదీపం దాకా ఉరికేది,
దాని ముక్కు కింద బ్రేకు తొక్కేది,
పచ్చ పడంగానే కందిరీగలు తరిమినట్టు లేసేది.
సాయంత్రానికి మీటరు పదిహేడు.
"కంపెనీ వాళ్లు ఇరవై ఏడని అబద్ధాలు జెప్పినారు" అన్యాడు.
నేను గుడ్డ తీసుకొని అద్దం తుడుస్తా ఉన్యా.

మా ఇన్‌స్ట్రక్టరు మద్దిలేటి చెప్పేవాడు:
పెడలుకూ చెప్పుకూ నడుమ ఒక శెనక్కాయ ఉందనుకోరా,
దాని బొప్పి చిట్లగూడదు.
ఆ మాట డీజిలుకు చెప్పినాడు.
దీనికీ సరిపోయింది.
టౌన్లో మెల్లగా పోతే ఇంజను నిద్రపోతాది,
కోటిరెడ్డి సర్కిల్ మొత్తం కరెంటు మిందనే దాటేస్తా,
పూలమ్మే ఆమె తల ఎత్తి చూడదు గూడా.

గువ్వలచెరువు కనుమ ఎక్కేటప్పుడు మాత్రం
మీటరు పక్క చూడను.
ఎక్కుడు అప్పు.
పదైదు, పన్నెండు, తొమ్మిది, పోనీ.
పైన కోవా అంగళ్ల కాడ లారీలు ఉస్సురని నిలబడింటాయి.

మాపటికి దిగుడు.
ఇన్నేండ్లు ఈ దిగుడులోనే లైనర్లు కాల్చినా.
రెండో గేర్లో బస్సు మూలిగేది,
మాడిన వాసన ముక్కుల్లో ఇంటి దాకా వచ్చేది.
ఆ వేడి అంతా యాడికి పోయిందని
ఎవురూ అడగలేదు. నేనూ అడగలేదు.
ఈ బండి అడిగింది.
మలుపు కంటే ముందే, మెత్తగా కాలు ఆనిస్తే
చక్రం తన తిరుగుడును బ్యాటరీలో జమ చేస్తాది,
గీత ఎనక గీత.
గట్టిగా తొక్కితే జమ లేదు, ఉత్త వేడే.
ఇంకొకటి. సగం కనుమకే బ్యాటరీ నిండిపోతాది,
ఆ తర్వాత దిగేదంతా దండగ.
అందుకని పైకి చేరేలోగా దాన్ని కొంచెం ఖాళీ చేసి పెడతా.
ఖాళీ లేనోనికి ఎవురు ఏమి ఇయ్యగలరు?

టైర్లలో గాలి శుక్రవారం శుక్రవారం, బండి చల్లగున్నప్పుడు.
ఏసీ ఇరవై ఆరు. కడప ఎండకు ఆపమంటే పాపం.
టీకని వీధి చివరికి కారు తియ్యొద్దు,
ఇంజను కాగేలోపే తిరిగొస్తాం, అదే పెద్ద నష్టం.
మీటరు ఒకటి ఎక్కువే చెప్తాది.
ట్యాంకు నింపి, కిలోమీటర్లు భాగించి
నోటుబుక్కులో రాస్తా.
ఇరవై ఐదు. ఇరవై ఆరు. ఇరవై ఐదున్నర.

ఆషాఢంలో ఒక రాత్రి పదకొండుకు ఫోను.
రామాపురం అవతల ఎవురిదో బర్రె,
దూడ అడ్డం తిరిగిందంట.
"అన్నా, తొందరగా" అనింది మేడం. అంతే.
శెనక్కాయ యాడ పడిందో తెలీదు.
కనుమలో ఇంజను అరిచిన అరుపు
నా బస్సు గూడా ఎప్పుడూ అరవలేదు.
టార్చిలైటు నేనే పట్టుకున్యా.
రెండు గంటలకు దూడ చెవులు విదిలించింది,
మేడం మోచేతుల దాకా నెత్తురు, నవ్వుతాంది.

తెల్లారి బంకులో లెక్క తీస్తే
వారం మొత్తం పందొమ్మిదికి పడింది.
బుక్కులో ఆ గడి కాడ పెన్ను ఆగింది.
అంకె రాయలే.
"పెయ్య" అని రాసినా.

ఇంతియాజ్ ఆ బుక్కు చూసి, అదేం మైలేజని అడుగుతాండాడు.
టైర్లలో గాలి చూసుకోపో నాయనా అన్యా.
ఈ పొద్దు శుక్రవారం.