చివరిసారి చూసిన తావు

బస్సు ఖాళీ అయినాక
సీట్ల కింద వంగి చూడడం నా డ్యూటీలో ఒక భాగం.
గొడుగు, సగం తాగిన మజ్జిగ సీసా,
ఎవరిదో మల్లెపూల పొట్లం,
ఒకసారైతే పళ్లసెట్టు, చేతిగుడ్డలో చుట్టి.
అన్నిటికీ చీటీ కట్టి, తేదీ రాసి
ప్రొద్దుటూరు డిపోలో అప్పజెప్తా.
కొందరు వెతుక్కుంటా వస్తారు,
తల గోక్కుంటా నవ్వుతారు.
వాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలా.

ఇంటికొస్తే మాత్రం
"ఏందిరా ఓబులేసూ, ఇంకో చెప్పేదిరా?"

తొమ్మిదేండ్లు వానికి. నాలుగో తరగతి.
టికెట్టు టికెట్టుకూ లెక్క తేల్చేదాన్ని,
జూన్ నుంచి అడిగినా అప్పజెప్తా:
నీళ్ల బాటిళ్లు మూడు.
జామెట్రీ బాక్సు మూత, మూత మాత్రమే.
లెక్కల నోటు. ఎడమకాలి చెప్పు.
వాళ్లవ్వ చెవులు కుట్టించి పెట్టిన పోగు ఒకటి.
స్వెటరు. మా ఊరి ఎండకు స్వెటరెందుకని అడగొద్దు,
బడివాళ్లు కొనమన్యారు, కొన్యా.
వాడు తొడిగింది రెండు రోజులు,
మేం వెతికింది నాలుగు.
వాళ్ల తాత పేరు పెట్టుకున్యాం.
అదొక్కటే ఇంకా పోగొట్టలా.

కొట్టినా. అబద్ధమెందుకు.
అరచేతిలో పెన్నుతో రాసినా: బాటిలు, బాక్సు, నోటు.
అన్నం తినే ముందర చెయ్యి కడుక్కున్యాడు.
బాటిలుకు దారం కట్టి మెడలో వేసినా.
సాయంత్రం దారం ఒక్కటే తిరిగొచ్చింది,
ముడి విప్పకుండా.
"ఎట్లరా ఇది?" అంటే
వాడూ ఆ ముడిని తిప్పి తిప్పి చూసినాడు
నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోతా.

మొన్న రెండో శనివారం. బడి సెలవ.
ఇంట్లో చూసుకునేటోళ్లు లేక
నాతోపాటు బస్టాండుకు తెచ్చుకున్యా.
ఆరో ప్లాట్‌ఫారం. సిమెంటు బెంచీ.
చేతిలో బొరుగుల పొట్లం పెట్టి
"ఈడ్నే కూర్చో నాయనా, సంతకం పెట్టొచ్చి బస్సెక్కిస్తా" అంటి.
మాబన్న స్టార్టు చేసి హారన్ మీద హారన్.
ఎర్రగుంట్ల బస్సు, జనం, మూటలు,
కాళ్లు కట్టిన కోడి ఒకటి,
చిల్లర, చిల్లర, చిల్లర,
రైట్ రైట్.

పెన్న వంతెన మీదికొచ్చినాం.
ఒక్క పాయే పారతాంది, మిగతాదంతా ఇసక.
వెనక సీటాయన వంద నోటు చాపినాడు:
"నాకొకటి, మా పిల్లోనికి హాఫ్."

హాఫ్.

వంతెన మధ్యలో బెల్లు కొట్టకూడదు.
కొట్టినా.
మాబన్న అద్దంలో నా మొగం చూసి ఏమీ అడగలా.
వంతెన దాటినాక ఎదురొచ్చే బస్సుకు చెయ్యెత్తినాడు.
ఆ కండక్టరు దిగి నా మిషనూ నా సంచీ తీసుకున్యాడు,
నేను ఆయన బస్సెక్కినా.
రూలు ప్రకారం అది తప్పు.
ఆయన పేరు ఈడ రాయను.

సీటు ఉన్యా కూర్చోలా.
వంతెన ఇంత పొడుగని
పన్నెండేండ్ల సర్వీసులో నాకు తెలీదు.

ఆరో ప్లాట్‌ఫారం.
బొరుగులు అయిపోయినాయి.
పొట్లం కాగితం తొడ మీద సాపుగా పరిచి
దాంట్లో చినిగిన వార్త ఏదో కూడబలుక్కుంటాన్నాడు.
ఎండ బెంచీ మీదికి ఎక్కింది, వాడు జరగలా.
పై పెదవి మీద చెమట.
ఎత్తుకున్యా, తొమ్మిదేండ్లోణ్ని,
ఖాకీ చొక్కాలో, అందరి ముందర.

"ఏడ్చినావా నాయనా?"

"లేదుమా.
ఏదన్నా పోతే
చివరిసారి చూసిన తావుకు పోయి చూడు అని
నువ్వే చెప్తావు కదా.
నువ్వు ఈడికే వస్తావని
నేను కదల్లా."

తర్వాత మెమో ఇచ్చినారు. తీసుకున్యా.
దానికి జవాబేం రాయాలో ఇంకా తోచలా.
ఆ సాయంత్రం గాంధీ రోడ్డులో నడుస్తా నడుస్తా
వాని కాళ్ల దిక్కు చూసినా.
ఒకటే చెప్పు.

నోరు తెరిచి, మూసుకున్యా.
చెయ్యి పట్టుకోని
ఇద్దరమూ వెనక్కి తిరిగినాం.